చెత్తకు రుసుము

చెత్త వేసినవాడే దానిని తొలగించు వ్యయమును భరింపవలెననుట న్యాయమే. కాని ఆ న్యాయము రుసుము రూపమున గడపయొద్దకు వచ్చునప్పటికి ప్రతిచోటను కలహము పుట్టుచున్నది. పట్టణములను కలవరపెట్టిన ఈ సమస్య నేడు కాకున్న రేపు మన తొప్పూరు వంటి గ్రామపంచాయతీలకును రాగలదు. అంతకు ముందే మన వర్తకులును గృహస్థులును ఒక నిశ్చయమునకు వచ్చుట మంచిది.

2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములు ప్రజలకు రెండు విధులను ఏర్పరచినవి. చెత్తను ఇంటియొద్దనే తడి, పొడి, ప్రమాదకర వస్తువులని వేరుచేయుట మొదటిది. స్థానికసంస్థ నిర్ణయించిన రుసుమును చెల్లించుట రెండవది. మొదటిదానిని మరచి రెండవదానికై తొందరపడుటయే చిక్కులకు మూలమని మా అభిప్రాయము.

చెన్నై కార్పొరేషను 2021 జనవరి 1 నుండి చెత్త రుసుము వసూలు చేయుదుమని 2020 డిసెంబరులో ప్రకటించి, ప్రజల నిరసనకు లోబడి ఆ ప్రయత్నమును ఆపివేసినది. ఆంధ్రప్రదేశమున 2021లో పట్టణములయందు ఇంటింటి చెత్తసేకరణకు నెలసరి రుసుమును విధించిరి. జనులు దానికి ‘చెత్తపన్ను’ అని పేరు పెట్టిరి. 2024 అక్టోబరు 2న మచిలీపట్నములో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు దానిని రద్దుచేయుచున్నట్లు ప్రకటించిరి. పన్ను రద్దైనంతమాత్రమున చెత్త మాయము కాదుగదా! దానిని ఎత్తించు వ్యయము వేరొక పద్దు క్రింద ప్రజాధనమునుండియే రావలెను.

చిన్నబండ్ల చెత్తను పెద్దలారీలలోనికి మార్చు కేంద్రములయొద్ద రుసుము పెంచినను చిక్కు తప్పదు. ద్వారమున అధికముగా చెల్లింపవలసివచ్చినచో, కొందరు ఆ ద్వారమునకే పోక చీకటిలో త్రోవప్రక్కన కుమ్మరించి పోవుదురు. మన ఊరికి ఈ భయము మరింత ఎక్కువ. 44వ నంబరు జాతీయరహదారియు, ఘాటు మలుపులును, ప్రక్కనే అడవియు, ఏరును ఉన్నవి. దొంగచాటుగా బండి దించుకొనుటకు ఇంతకంటె అనువైన చోటు వేరొకటి కలదా? ఎగవేసినవానికి మిగులునది కొన్ని రూపాయలు. నష్టపడునది ఏటినీటిని నమ్ముకొన్న రైతు, ప్లాస్టిక్కు మేసిన పశువు.

దక్షిణకొరియాలో 1995 నుండి చెత్తసంచి పరిమాణమును బట్టి రుసుము వసూలు చేయుచున్నారు. వేరుచేసి యిచ్చిన కాగితము, గాజు, లోహములకు ఆ రుసుము లేదు. దొంగచాటుగా పారవేసినవారికి జరిమానా కలదు. వేరుచేసినవానికి ఖర్చు తగ్గుచున్నందున ఆ పద్ధతి నిలిచినది. రుసుము ఎంత అనుటకంటె దేనిపై అనునదే ముఖ్యమని దీనివలన తెలియుచున్నది.

కావున మన పంచాయతీ ఎప్పుడైన రుసుము విధింపదలచినను, పెంపదలచినను మూడు షరతులు కోరుదము. వేరుచేసి యిచ్చు సామాన్యగృహస్థునకు రుసుము నామమాత్రమై యుండవలెను. హోటళ్లు, కల్యాణమండపములు, పెద్ద అంగళ్లు తూకమును బట్టి చెల్లింపవలెను; కలగలిపి యిచ్చినచో హెచ్చుగా చెల్లింపవలెను. వసూలైన సొమ్మెంత, పారిశుద్ధ్యకార్మికుల జీతములకెంత, బండ్లకెంత అను లెక్కను గ్రామసభలో చదివి వినిపింపవలెను. లెక్క తెలిసిన రుసుమును ఇచ్చుటకు వర్తకుడు వెనుదీయడు; లెక్క తెలియని రుసుము పైసా అయినను అతనికి భారమే.

అడుగుటకు ముందు మనము చేయవలసినదియు కలదు. ఒకసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులలో అనేకమును తమిళనాడు ప్రభుత్వము 2019 జనవరి 1 నుండి నిషేధించినది. అయినను ఆ సంచులును, గ్లాసులును అంగళ్లనుండి పూర్తిగా తొలగలేదు. తిలాపాపము తలా పిడికెడన్నట్లు ఇందులో మన భాగమును కలదు. భాషచేత మనము అల్పసంఖ్యాకులము కావచ్చును గాని, చెత్త వేయుటలో కాము. కలిసిపోయిన కుళ్లును, గాజుపెంకులను ఉత్తచేతులతో ఏరు కార్మికుని తలచుకొన్నచో, ఇంటియొద్ద రెండుబుట్టలు పెట్టుట ఎంతపని? గోటితో పోవుదానిని గొడ్డలిదాక తేనేల?

రాబోవు గ్రామసభకు మన కుటుంబములవారు తప్పక పోయి, తమిళసోదరులతో కలిసి ఈ విషయమును చర్చింతురని ఆశించుచున్నాము. ఊరు అందరిదియు, దాని శుభ్రతయు అందరిదియే.