ఖాతా లేని వోటు బ్యాంకు

మమ్మల్ని వోటు బ్యాంకు అంటారు. ఎన్నికలొచ్చిన ప్రతిసారీ పత్రికలు లెక్కలేస్తాయి. ముస్లిం వోట్లు ఎటు? గంపగుత్తగా ఎవరికి? పత్రికలో పనిచేసేవాణ్ణి గనక నేనూ అలాంటి వార్తలు రాశాను. ఆ గంపలో మా అమ్మీ వోటు ఉందో లేదో మాత్రం చూడలేదు.

లేదు. 2021 మార్చి 10న ఆంధ్రప్రదేశ్‌లో మునిసిపల్ ఎన్నికలు. మా సీమ పట్నంలో అమ్మీ పొద్దున్నే బురఖా వేసుకుని వెళ్లి లైన్లో నిలబడింది. జాబితాలో పేరు లేదన్నారు. ఇంటికొచ్చి నన్నడిగింది: "మేరా నామ్ కిధర్ గయా రే?" నలభై ఏళ్లుగా అదే గల్లీ, అదే ఇల్లు.

పాత జాబితాలు తిరగేశాను. అమ్మీ పేరు ఖైరున్నీసా. ఒక జాబితాలో కైరునిషా. ఇంకోదాంట్లో కైరూన్ బి. మరోదాంట్లో కరుణీస! వోటరు కార్డులో ఒకటి, రేషన్ కార్డులో ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇవేవీ మేం రాసినవి కావు. ఇంటింటికీ వచ్చిన ఎన్యూమరేటర్లు, గుమాస్తాలు, టైపిస్టులు రాసినవి. షేక్, సయ్యద్, పఠాన్‌లను ఇంటిపేరు గడిలో వేయాలా, పేరుకు ముందు వేయాలా అన్నదీ ఎవరికి తోచినట్టు వాళ్లు తేల్చారు. ఒకే గల్లీలో నలుగురు షేక్ మస్తాన్‌లుంటే ముగ్గురు 'డబుల్ ఎంట్రీ'గా కనబడతారు. నలుగురు వెంకటేశ్వర్లుంటే ఇంటిపేర్లు వేరు గనక బతికిపోతారు.

తప్పు రాసింది మీరు. రుజువు తెమ్మంటున్నది మమ్మల్ని.

వార్డు ఎన్నికలే గదా, పోతే పోయిందంటారేమో. మన దగ్గర వార్డుకని వేరే వోటర్ల నమోదు లేదు. అసెంబ్లీ జాబితానే తెచ్చి వార్డుల వారీగా కోస్తారు. అక్కడ రాలిన పేరు ఇక్కడా రాలినట్టే. పోలింగు రోజు మేలుకొని ఫారం 6 నింపితే ఆ రోజు వోటు రాదు. ఢిల్లీలో ఎవరు కూర్చున్నా మా గల్లీ మోరీ కదలదు. మోరీ తీయించాలన్నా, కుళాయి వేయించాలన్నా, ఖబ్రస్తాన్ దారికి దీపం పెట్టించాలన్నా కౌన్సిలరే దిక్కు. పది పదిహేను వోట్లకు గెలుపోటములు తారుమారయ్యేదీ అక్కడే.

చట్టం లేక కాదు. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం 22వ సెక్షన్ ప్రకారం, ఊళ్లో ఉండటం లేదనో అర్హత లేదనో పేరు తీసేయాలంటే ముందు ఆ మనిషికి చెప్పుకునే అవకాశమివ్వాలి. అమ్మీకి ఏ నోటీసూ రాలేదు. 1995లో లాల్ బాబు హుస్సేన్ కేసులో సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. బొంబాయి, ఢిల్లీ బస్తీల్లో వోటర్లకు నోటీసులిచ్చి మీరు ఈ దేశస్తులేనని రుజువు చేసుకోండన్న కేసది. పాత జాబితాలో పేరుందంటే అధికారి అప్పట్లో విచారించే చేర్చాడని అనుకోవాలంది కోర్టు. పోలీసు రిపోర్టు ఒక్కటే చూసి పేరు కొట్టేయకూడదంది.

ముప్పై ఏళ్లు గడిచాయి. 2025లో బీహార్‌లో ప్రత్యేక సవరణ పేరుతో ముసాయిదా జాబితా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. వాళ్ల పేర్లూ, తీసేసిన కారణాలూ బయటపెట్టమని ఆగస్టు 14న సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. ఆ 65 లక్షల్లో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. అందరికీ ఒకటే బాధ కదా అంటారా? కాదు. పేరు పోయిన మిగతావాణ్ణి "కాగితాలేవి?" అని అడుగుతారు. మమ్మల్ని "ఏ దేశం?" అని అడుగుతారు.

మాలోనూ లోపముంది, దాచను. ఇంటికొచ్చిన కోడలి పేరు రేషన్ కార్డులో ఎక్కించడానికి మూడు రోజులు తిరిగే మగవాళ్లు వోటర్ల జాబితాలో ఎక్కించడానికి మూడు నిమిషాలు కూర్చోరు. ఆమె పుట్టింటి ఊళ్లో పేరు పోతుంది, అత్తింటి ఊళ్లో రాదు. జుమ్మా రోజు మసీదు మెట్ల మీద వోటు అడిగే మా నాయకుల్లో ఫారం 6 చేతికిచ్చిన వాణ్ణి నేను చూడలేదు.

లౌకికవాద మిత్రులారా, మీతోనూ పేచీ ఉంది. డిసెంబరు 6న సభ పెడితే మేం వస్తాం, మీ పక్కన కూర్చుంటాం. ముసాయిదా జాబితా వేలాడదీసే రోజుల్లో మా గల్లీకి మీరెందుకు రారు? మతోన్మాదాన్ని ఓడించడానికి మా వోటు కావాలి. ఆ వోటుందో లేదో చూసుకునే బాధ్యత మాత్రం మాదా?

తర్వాతి ఏడాది అమ్మీకి మళ్లీ ఫారం నింపాను. తెలుగులో ఒత్తులు సరిచూసి, పక్కనే ఉర్దూలో కూడా పేరు రాశాను. ఆ మార్చిలోనే ఉర్దూను రాష్ట్ర రెండో అధికార భాష చేస్తూ అసెంబ్లీ బిల్లు పాసు చేసింది. కౌంటర్లో కుర్రాడు కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేం భాష సార్, అరబ్బీనా?" అన్నాడు.