విడాకులు ఇద్దరికే, అప్పుకు కాదు

మాదాపూర్ నుంచి ఒక సోదరి ఉత్తరం వ్రాశారు. భార్యాభర్తలిద్దరూ కంప్యూటరు కంపెనీలలో పనిచేస్తూ, ఇద్దరి పేరా అప్పు తీసుకుని కొండాపూర్‌లో ఫ్లాటు కొన్నారట. తరువాత పరస్పర అంగీకారంతో విడిపోయారు. నెలవాయిదాలు తానే కడతానని రాజీపత్రంలో ఒప్పుకున్న ఆయన ఇప్పుడు మానేశాడు. బ్యాంకువారు ఈమెను అడుగుతున్నారు. "ఇక నాకేం సంబంధం?" అని ఆమె ప్రశ్న.

సంబంధం ఉందమ్మా! ఆ రాజీలో బ్యాంకు కక్షిదారు కాదు గదా. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 43వ సెక్షను ప్రకారం, కలిసి అప్పు చేసినవారిలో ఎవరినైనా మొత్తం బాకీ అడగవచ్చు. వాయిదా 90 రోజులు దాటి నిలిచిపోతే మొండిబాకీ క్రింద చేరుతుంది. ఆపైన 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద నోటీసిచ్చి, 60 రోజులలో చెల్లించకపోతే ఫ్లాటు స్వాధీనం చేసుకోవచ్చు. వేలంలో వచ్చింది చాలకపోతే మిగతా బాకీ ఇద్దరి మీదా ఉంటుంది. మీ సిబిల్ స్కోరూ పడిపోతుంది.

కనుక పంతానికి పోయి ఊరుకోకండి. వీలుంటే వాయిదా మీరే కట్టి, రసీదులు దాచుకోండి. ఆ సొమ్ములో ఆయన వాటా రాబట్టుకునే హక్కు ఆ సెక్షనే ఇచ్చింది. రాజీపత్రం తీసుకుని వకీలును కలవండి. ఫ్లాటు అమ్మి అప్పు తీర్చే మార్గమూ ఆలోచించండి.

విడాకులకు సంతకం చేయబోయే సోదరీమణులకు ఒక్క మాట. ముందు అప్పు ఆయన ఒక్కరి పేర మార్పించి, మీకు బాధ్యత లేదని బ్యాంకుచేత వ్రాయించుకోండి. ఆయన జీతం చాలదని బ్యాంకు ఒప్పుకోకపోతే, ఆయన మాట నమ్మి మీరు మాత్రం ఎలా ఒప్పుకుంటారు?