కారవాన్ భవితవ్యం పాలసీ కాగితంలోనే

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ గుట్టల మీద సినిమాలు ఖరారవుతాయి. వాటిని లొకేషన్ దాకా మోసుకెళ్లే మనుషుల్లో చాలామంది ఉండేది గుట్ట దిగువన, కృష్ణానగర్, యూసుఫ్‌గూడ, మధురానగర్ ప్రాంతాల్లో. ప్రొడక్షన్ డ్రైవర్లు, మేకప్ సహాయకులు, జూనియర్ ఆర్టిస్టులు అద్దెకుండే ఈ సందుల్లో కారవాన్ అంటే ఎవరూ ఆగి చూసే వింత కాదు. అదొక బతుకుతెరువు. స్టార్ల సొంత కారవాన్ల హంగులు వార్తలవుతాయి. రోజువారీ కిరాయికి తిరిగే బండ్ల సంగతి వేరు. అప్పు తెచ్చి ఒకటో రెండో కట్టించుకున్న యజమానులు, వాటినే నమ్ముకున్న డ్రైవర్లు ఉంటారు. అలాంటి బండికి దెబ్బ తగిలితే దాన్ని బాగు చేయించాలా, తుక్కు కింద తీసేయాలా అన్న ప్రశ్న ఒక కుటుంబం ఆర్థిక స్థితినే తేలుస్తుంది.

2021 ఫిబ్రవరిలో మారేడుమిల్లి అడవుల్లో ‘పుష్ప’ షెడ్యూల్ ముగించుకుని హైదరాబాద్ తిరిగి వస్తుండగా, అల్లు అర్జున్ కారవాన్ ‘ఫాల్కన్’ను ఖమ్మం జిల్లాలో మరో వాహనం వెనుక నుంచి ఢీకొంది. అప్పుడు హీరో అందులో లేరు. ఎవరికీ ప్రాణాపాయం కలగలేదు. బండికి మాత్రం దెబ్బ తగిలింది. కోట్ల రూపాయల బండిగా పత్రికలకెక్కినది కనుక ఆ ప్రమాదం అందరికీ తెలిసింది. అదే దెబ్బ, అదే రోడ్డు మీద, మూడేళ్ల వయసున్న కిరాయి కారవాన్‌కు తగిలి ఉంటే? బీమా కంపెనీ ఏం చేసేదన్నది గుద్దిన వాహనం వేగం మీద కన్నా పాలసీ తీసుకున్న రోజు కాగితంలో ఏం రాశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడి ఉండేది.

2002లో వచ్చిన మోటారు బీమా నిబంధనల పుస్తకం, ఇండియా మోటార్ టారిఫ్, ఒక గీత గీసింది. దెబ్బతిన్న బండిని అక్కడి నుంచి తెచ్చేందుకు, బాగు చేసేందుకు అయ్యే మొత్తం ఖర్చు, పాలసీ షరతులకు లోబడి, ఐడీవీలో 75 శాతం దాటితే దాన్ని టోటల్ లాస్‌గా పరిగణించాలి. 2007 జనవరి నుంచి సొంత నష్టం ప్రీమియం రేట్లను కంపెనీలే నిర్ణయించుకుంటున్నా, ఈ గీత మాత్రం పాలసీల్లో అలాగే కొనసాగుతూ వచ్చింది. ఐడీవీ అంటే పాలసీ తీసుకునేటప్పుడు ఇరుపక్షాలూ ఒప్పుకుని రాసుకున్న బండి విలువ. తయారీదారు ప్రకటించిన అమ్మకం ధర నుంచి బండి వయసును బట్టి తరుగు తీసి దీన్ని లెక్కగడతారు. ఆరు నెలల లోపు 5 శాతం, ఏడాది లోపు 15, రెండేళ్ల లోపు 20, మూడేళ్ల లోపు 30, నాలుగేళ్ల లోపు 40, అయిదేళ్ల లోపు 50 శాతం తరుగు. అయిదేళ్లు దాటాక పట్టిక లేదు. బేరమే.

కారుకు ఈ లెక్క చక్కగా సరిపోతుంది. ఫలానా మోడల్, ఫలానా ధర అని షోరూమ్‌లోనే తెలిసిపోతుంది. కారవాన్ అలా పుట్టదు. ఛాసిస్‌ను, లేదా ఖాళీ వ్యాన్‌ను ఒక కంపెనీ అమ్ముతుంది. బాడీ షెడ్డులో గోడలు లేస్తాయి. ప్లైవుడ్, ఫైబర్, ఏసీలు, మేకప్ అద్దం చుట్టూ దీపాలు, సోఫా, బాత్రూమ్, నీళ్ల ట్యాంకులు, శబ్దం తక్కువగా చేసే జనరేటర్ ఒక్కొక్కటీ అక్కడే అమరుతాయి. బండి విలువలో సగానికి పైగా ఇలా షెడ్డులో పెరిగిందే కావచ్చు. తయారీదారు ధరల పట్టికలో దానికి చోటు లేదు. కంపెనీ బిగించి ఇవ్వని ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్ పరికరాలకు విడిగా విలువ రాయించి, అదనపు ప్రీమియం కట్టాలి. టారిఫ్‌లో రాసిన రేటు ఆ విలువ మీద 4 శాతం. ఆ రేటున పద్నాలుగు లక్షల సామానుకు ఏటా 56 వేలు. నెలలో ఎన్ని రోజులు షూటింగ్ దొరుకుతుందో తెలియని యజమానికి అది చిన్న మొత్తం కాదు. అందుకే చాలామందికి పాలసీలో ఆ సామాను రాసే పేజీ ఖాళీగా వదిలేయాలనిపిస్తుంది.

ఆ ఖాళీ పేజీ ఏం చేస్తుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. బండి, బాడీ కలిపి 16 లక్షలు, లోపలి సామాను 20 లక్షలు. బండి మూడో ఏడాదిలో ఉంది కనుక తరుగు 30 శాతం. బండి, బాడీ మాత్రమే రాయించిన యజమాని ఐడీవీ 11.20 లక్షలు. అందులో 75 శాతం 8.40 లక్షలు. లోపలి సామాను కూడా రాయించిన యజమాని ఐడీవీ 25.20 లక్షలు, గీత 18.90 లక్షల దగ్గర. ఇద్దరి బండ్లకూ ఒకే దెబ్బ తగిలింది. వెనుక ఫ్రేమ్, బాడీ బాగుచేయడానికి 9 లక్షలు, లోపలి సామానుకు 5 లక్షలు. బీమాలో ఉన్న 9 లక్షల ఖర్చుకే మొదటి యజమాని బండి గీత దాటింది. అది టోటల్ లాస్. రెండో యజమాని ఖర్చు 14 లక్షలే కనుక రిపేరు. మొదటి వ్యక్తి 20 లక్షలు పోసి కట్టిన గది ఎవరి లెక్కలోకీ రాకుండానే బండి చేజారిపోతుంది. ఛాసిస్‌కు ఫైనాన్స్ ఉంటే చెక్కు ముందు వెళ్లేది పాలసీలో పేరు ఉన్న ఆ ఫైనాన్స్ కంపెనీకే. లోపలి పనికి బయట వడ్డీకి తెచ్చిన అప్పు అలాగే మిగిలిపోతుంది.

ఇక్కడే మరో నష్టం దాగి ఉంది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. టోటల్ లాస్‌లో కంపెనీ చెల్లించేది ఐడీవీలోంచి దెబ్బతిన్న బండి విలువ తీసేయగా మిగిలింది. ఆ విలువ తేల్చడానికి తుక్కు కొనేవాళ్ల నుంచి ధరలు పిలుస్తారు. కొనేవాడు ఒక్క ఇనుమునే చూడడు. పనిచేస్తున్న జనరేటర్‌నూ పగలని ఏసీలనూ చూసి ధర చెబుతాడు. బీమాలో లేని సామానుకు పరిహారం సున్నా. అదే సామాను వల్ల తుక్కు ధర పెరిగితే ఆ పెరిగిన మేరకు పరిహారం కోత పడుతుంది. ఒకే వస్తువు మీద యజమాని రెండుసార్లు నష్టపోతాడు. నా అభిప్రాయంలో ఇది అన్యాయం. పాలసీలో లేని సామాను తుక్కు వేలంలోనూ ఉండకూడదు. ధరలు పిలవకముందే దాన్ని విప్పి తీసుకుంటానని యజమాని సర్వేయర్‌కు రాతపూర్వకంగా చెప్పాలి.

సామానంతా రాయించిన రెండో యజమాని హాయిగా ఉన్నాడనుకోవడానికి లేదు. రిపేరు అయితే విడిభాగాలకు మరో తరుగు పట్టిక ఉంటుంది. రబ్బరు, నైలాన్, ప్లాస్టిక్ భాగాలకు, టైర్లకు, బ్యాటరీలకు 50 శాతం కోస్తారు. ఫైబర్ గ్లాస్‌కు 30 శాతం. అద్దాలకు కోత లేదు. చెక్కతో సహా మిగతా భాగాలకు బండి వయసును బట్టి, మూడో ఏట 15 శాతం. పెయింట్ సామగ్రిలో సగం. ఇక కారవాన్ లోపల చేయి ఆనే చోటల్లా ఫైబర్, ప్లాస్టిక్, చెక్క. పద్నాలుగు లక్షల బిల్లులో కంపెనీ ఒప్పుకునేది పదో పదకొండో కావచ్చు. వాణిజ్య వాహనాల మామూలు పాలసీలో దీపాలు, టైర్లు, మడ్‌గార్డులు, బంపర్లు, రంగు టోటల్ లాస్ అయితే తప్ప రావు. వాటికీ అదనపు ప్రీమియం కట్టాల్సిందే. కార్లకు తేలిగ్గా దొరికే, తరుగు కోత లేకుండా చెల్లించే జీరో డిప్రిసియేషన్ సౌకర్యం కిరాయి బండ్లకు అంత సులువుగా అందదు. 75 శాతం గీతను ఈ కోతలకు ముందు లెక్కతో పోల్చాలా, తర్వాతి లెక్కతోనా అన్నదే అసలు తగాదా. ‘పాలసీ షరతులకు లోబడి’ అన్న మాటలను పట్టుకుని కంపెనీ కోతల తర్వాతి మొత్తాన్నే చూస్తే, ఎందుకూ పనికిరాని బండి కూడా కాగితం మీద రిపేరుకు అర్హమవుతుంది.

బండిని తీసుకొచ్చే ఖర్చు సంగతి కూడా చెప్పుకోవాలి. మారేడుమిల్లి ఘాట్‌లో లోయవైపు ఒరిగిన బస్సంత బండికి క్రేన్ కావాలి, అక్కడి నుంచి హైదరాబాద్‌కు లాగాలి. టారిఫ్‌లో వాణిజ్య వాహనానికి ఇందుకు రాసిన పరిమితి 2,500 రూపాయలు. దాన్ని పెంచి రాయించుకోకపోతే మిగతాది యజమానిదే.

యాభై వేల రూపాయలకు మించిన మోటారు నష్టాన్ని లైసెన్సు ఉన్న సర్వేయర్ చూడాలి. 2024 జూన్‌లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, 15 రోజుల్లో నివేదిక తెప్పించుకోవాలి, ఆ తర్వాత 7 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. కారవాన్ దగ్గర ఈ గడువులకు గండి పడేది ఎస్టిమేట్ల దగ్గరే. ఛాసిస్‌కు డీలర్ వర్క్‌షాప్ ఒక ఎస్టిమేట్ ఇస్తుంది. దానికి పార్టు నంబర్లు, ముద్రించిన ధరలు ఉంటాయి. లోపలి పనికి షెడ్డు మేస్త్రీ ఇచ్చే ఎస్టిమేట్ తెల్ల కాగితం మీద ఉంటుంది. అనుభవం మీద చెప్పిన ఆ అంకె నిజమే అయినా సర్వేయర్‌కు ఆధారం కనిపించదు, సగానికి తగ్గిస్తాడు. ఆ నివేదికే చివరి మాట కాదని 2009లో న్యూ ఇండియా అస్యూరెన్స్, ప్రదీప్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది లారీ కేసు. అంతకు ముందు 2008లో ధర్మేంద్ర గోయల్ కేసులో, తానే ఒప్పుకుని ప్రీమియం వసూలు చేసిన విలువను క్లెయిము వేళ కంపెనీ కాదనలేదని తేల్చింది. కారవాన్ యజమానులకు ఈ రెండో తీర్పు పెద్ద అండ. అయితే ఆ విలువ ముందు కాగితం మీద ఉండాలి.

రోడ్డు ప్రమాదం కన్నా ఈ ప్రాంతానికి దగ్గరి ముప్పు వాన. జూబ్లీహిల్స్ ఎత్తుల నుంచి జారిన నీళ్లు కృష్ణానగర్, యూసుఫ్‌గూడ పల్లంలోకి ఉరకడం, ద్విచక్ర వాహనాలు కొట్టుకుపోవడం నగరం మళ్లీ మళ్లీ చూసింది. 2020 అక్టోబరు వరదలు ఎవరూ మరిచిపోలేదు. 2024 సెప్టెంబరులో విజయవాడను బుడమేరు వాగు ముంచినప్పుడు వేల బండ్లు నీళ్లలో నిలిచిపోయాయి. వరద బీమా పరిధిలోని ప్రమాదమే. కారవాన్‌కు నీళ్లు కిటికీ దాకా రానక్కర్లేదు. నేల కింద వైరింగ్, ప్లైవుడ్, బండి అడుగున జనరేటర్ ఉంటే మోకాలి లోతు చాలు. బురద నీళ్లు తాగిన ప్లైవుడ్ నెల తర్వాత ఉబ్బుతుంది, సర్వేయర్ చూసిన రోజున అది బాగానే ఉంటుంది. అందుకే నేల విప్పి చూడమని మొదటి రోజే అడగాలి. నీళ్లలో ఉన్న ఇంజిన్‌ను డ్రైవర్ స్టార్ట్ చేస్తే ఆ నష్టం వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల వచ్చిందని కంపెనీ వాదిస్తుంది. షూటింగ్ వేళకు చేరాలన్న ఒత్తిడిలో ఉన్న డ్రైవర్‌కు ఈ మాట ఎవరైనా ముందే చెప్పి ఉండాలి.

బండిని దేనికి వాడుతున్నారన్నది మరో చిక్కు. సొంత వాడకానికని రిజిస్టర్ చేసి కిరాయికి తిప్పితే క్లెయిములో కోత తప్పదు. 2008లో నితిన్ ఖండేల్వాల్ కేసులో అలాంటి వాడకం ఆరోపణ ఉన్న బండికి సుప్రీంకోర్టు 75 శాతం పరిహారాన్ని నిలబెట్టింది. అది యజమానికి ఊరటే అయినా పాతిక శాతం పోయింది. బండి రూపాన్ని మార్చినప్పుడు ఆర్సీలో నమోదు కావాలన్న మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను కూడా సర్వేయర్ తిరగేస్తాడు. సినిమా రికార్డింగ్, ప్రచార వ్యాన్లను, మొబైల్ క్యాంటీన్లను టారిఫ్ 2002లోనే పేరుపెట్టి ‘డి’ తరగతిలో చేర్చింది. ఊరూరా తిరిగే సినిమా బండి విడి తరహాదని అప్పుడే గుర్తించిన వ్యవస్థ, అందులోని గది విలువ ఎలా కట్టాలో మాత్రం చెప్పలేదు.

మన దగ్గర టోటల్ లాస్ గీత డబ్బుకు మాత్రమే సంబంధించింది. అమెరికాలో ఆ గీత రాష్ట్రానికో తీరు. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న టెక్సస్‌లో ఖర్చు బండి విలువకు నూరు శాతం చేరాలి. బ్రిటన్ మరో ప్రశ్న కూడా అడుగుతుంది. 2017 అక్టోబరు నుంచి అక్కడ తీసేసిన బండ్లను నాలుగు తరగతులు చేస్తున్నారు. పూర్తిగా నలగ్గొట్టాల్సినవి, విడిభాగాలకే పనికొచ్చేవి, ఫ్రేమ్ దెబ్బతిన్నా బాగుచేయదగినవి, ఫ్రేమ్‌కు దెబ్బ తగలనివి. కొనేవాడికి ఆ తరగతి తెలుస్తుంది. ఇక్కడ ఛాసిస్ వంకరపోయిన బండి తుక్కు వేలంలో చేతులు మారి, ఆర్సీ రద్దు కాకుండానే, కొత్త ఫైబర్ తొడుక్కుని మళ్లీ లొకేషన్‌కు రావచ్చు. శాశ్వతంగా పనికిరాని బండి గురించి 14 రోజుల్లో రిజిస్ట్రేషన్ అధికారికి తెలపాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ చెబుతోంది. ‘శాశ్వతంగా పనికిరాదు’ అని తేల్చే బాధ్యత మాత్రం ఎవరి మీదా స్పష్టంగా లేదు. లోపల కూర్చునే మేకప్ సిబ్బంది ప్రాణాలు ఆ అస్పష్టత మీద ఆధారపడి ఉన్నాయి.

ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం ఉన్నది హైదరాబాద్‌లోనే, నానక్‌రామ్‌గూడలో. షెడ్డులో కట్టిన బాడీకి, లోపలి సామానుకు పాలసీలో విడి వరుసను ఆ సంస్థ తప్పనిసరి చేయాలి. రెన్యువల్‌కు ముందు అర్హత ఉన్న వాల్యూయర్ చూసి రాసిన విలువను ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. 75 శాతాన్ని కోతలకు ముందు లెక్కతోనే పోల్చాలని స్పష్టం చేయాలి. సర్వేయర్ నివేదికలో ఛాసిస్ ఫ్రేమ్ పరిస్థితిపై విడిగా ఒక మాట ఉండి, అది నేరుగా రవాణా శాఖకు చేరాలి. కారవాన్లను కిరాయికి తీసుకునే నిర్మాతలు కూడా బండి ఫిట్‌నెస్‌తో పాటు పాలసీలోని సామాను జాబితాను అడిగి చూస్తే, ఆ అదనపు ప్రీమియాన్ని రోజు కిరాయిలో కలుపుకునే ధైర్యం చిన్న యజమానులకు వస్తుంది.