ఊరి రుచి – విద్యార్థి జేబు

యాత్రకు బయలుదేరిన విద్యార్థి చేతిలో డబ్బు తక్కువ, కడుపులో ఆకలి ఎక్కువ. అందుచేత వంటవానిని, బియ్యపు బస్తాను వెంట తీసుకొని పోవడం మన విహారయాత్రలలో ఆనవాయితీ అయినది. అది లేనినాడు బస్టాండు ఎదుట పెద్ద బోర్డు కట్టిన హోటలులో, ఏ ఊరనైనా దొరికే వంటకాలనే తిని తిరిగి వస్తాము. కోటలు చూస్తాము, గుళ్ళు, మసీదులు చూస్తాము. ఆ ఊరి మనుష్యులు ఏమి తిని బ్రతుకుతున్నారో మాత్రం ఎరుగము. ఇది విద్యాయాత్రకు లోపమని మా అభిప్రాయం.

స్థానికాహారానికి ఖర్చు ఎక్కువన్నది అపోహ. అక్కడి నేలలో పండినదానితో, అక్కడి పేదలు కల్పించుకొన్న వంటలే పెక్కు ఊళ్ళకు పేరు తెచ్చినవి. కర్నూలు, అనంతపురం ప్రాంతాల ఉగ్గాని అంటే నానబెట్టిన బొరుగులు, ఉల్లి, పచ్చిమిరప తాలింపు, పైన పుట్నాల పొడి, ప్రక్కన మిరపకాయ బజ్జీ. తెలంగాణ సర్వపిండిలో బియ్యపు పిండి, శనగపప్పు, పల్లీలు, నువ్వులు తప్ప మరేమున్నవి? రాయలసీమ రాగి సంకటి రైతు కూడే కదా!

అయితే దీనికి వేళ తెలియాలి. హైదరాబాదు పాతబస్తీలో నహారీ రాత్రంతా ఉడికి తెల్లవారుజామున వడ్డనకు వస్తుంది. అరబ్బీలో ‘నహార్’ అనగా పగలు. ఆలస్యంగా నిద్రలేచినవానికి మిగిలేది ఖాళీ దేగిసా. హలీంకు రంజాను, సకినాలకు సంక్రాంతి అసలైన కాలాలు. కనుక “ఇక్కడ ప్రసిద్ధమైనదేది?” అని అడుగుటకన్న “ఈ పూట మీరేమి తింటారు?” అని ఆటో నడిపేవారినో కూలివారినో అడుగుట మేలు. వారు చూపించే కాకా హోటలులో జనం ఎక్కువ, ధర తక్కువ. జనం ఎక్కువైనచోట వంట నిలువ ఉండదు. పొగలు కక్కుతున్నదానినే తింటే ఆరోగ్యానికి భయమూ తక్కువే.

‘అచ్చమైనది’ అంటే కలగలుపు లేనిదని కొందరి వాదం. మేము అంగీకరింపము. ఇరాను నుండి వలస వచ్చినవారు తెచ్చిన చాయ్ నేడు హైదరాబాదు సొత్తు. పోర్చుగీసు ఓడలతో వచ్చిన మిరప లేనిదే గుంటూరు పచ్చడి లేదు. 2019లో యునెస్కో హైదరాబాదును పాకకళకు సృజనాత్మక నగరంగా గుర్తించినదంటే, అది పలువురి పొయ్యిలకు దక్కిన గౌరవమే.

మతం వల్లనో అలవాటు వల్లనో కొన్ని పదార్థాలు మనకు నిషిద్ధం కావచ్చు. తినకపోవడం వేరు, పొరుగువాని పళ్ళెం చూచి ముక్కు విరవడం వేరు. మొదటిది మన స్వేచ్ఛ. రెండవది ఎదుటివానికి అవమానం. నేడు తిండిని బట్టి మనిషిని అంచనా కట్టే ధోరణి ప్రబలుతున్నది గనుక ఈ మాట గట్టిగా చెప్పవలసి వచ్చినది. అట్లే తోపుడు బండి వద్ద రూపాయికి బేరమాడడం కూడా చదువుకొన్నవారికి తగదు.

సోదర విద్యార్థులారా! రాబోయే యాత్రలో వంటవానికి రోజుకు ఒక పూట సెలవు ఇప్పింపుడని మన అధ్యాపకులను కోరుదాము. ఆ పూట నలుగురైదుగురు చొప్పున విడిపోయి ఊరి తిండి తిందాము. దాని పేరు, ధర, వండే విధానం అడిగి వ్రాసుకొని, వచ్చే సంచికలో ఉర్దూలోను తెలుగులోను ప్రకటింతము.