మార్కులు దిద్దుబాటుకీ వెయ్యాలి

డిగ్రీ పిల్లలకు తెలుగు చెబుతాను. గ్రూపు ప్రాజెక్టు అంటే ఒకరు రాయడం, నలుగురు సంతకం పెట్టడం అన్నది మా కాలేజీల్లో పాత ఆచారం. గూగుల్ డాక్స్‌లో రాయించడం మొదలుపెట్టాక నా క్లాసులో దానికి కాలం చెల్లింది. వెర్షన్ హిస్టరీ తెరిస్తే ఏ వాక్యం ఎవరు రాశారో, ఎవరు కొట్టేశారో తెలిసిపోతుంది. ఎక్కడినుంచో తెచ్చి అతికించినా దొరికిపోతారు. పేరా మొత్తం ఒక్కసారే ఊడిపడుతుంది మరి!

అంతకంటే నాకు నచ్చింది, పాత పుస్తకాలను అందరూ కలిసి నెట్‌లోకి ఎక్కించే తెలుగు వికీసోర్స్. పాత పుస్తకం స్కాను ఒక పక్క, టైపు చేసిన పాఠం ఇంకో పక్క. ఒకరు అచ్చుతప్పులు దిద్దితే పేజీ పసుపు రంగుకు మారుతుంది. ఆకుపచ్చ కావాలంటే మరొకరు మళ్లీ సరిచూడాలి. దిద్దినవారే ఆమోదించుకోవడానికి వీల్లేదు. అరసున్న ఉండాలా, బండి ఱ ఉంచాలా అని పిల్లలు పోట్లాడుకుంటుంటే వినాలి! ఏ నోట్సూ అంత వ్యాకరణం నేర్పదు.

ఇబ్బందులున్నాయి. ఫోన్లో తెలుగు టైపు కొందరికి నరకం. ఇంటిల్లిపాదికీ ఒకటే ఫోను ఉన్న పిల్లలూ ఉన్నారు. అందుకే ఈ పని ఇంటికి ఇవ్వకూడదు, కాలేజీ ల్యాబులోనే చేయించాలి. ఆ ల్యాబు తాళాలు కంప్యూటర్ సైన్సు వాళ్ల దగ్గరే ఎందుకుండాలి? వారానికి రెండు పీరియడ్లు తెలుగుకూ ఇవ్వండి. ఇంటర్నల్ మార్కుల్లో సగమైనా, తోటివారి వాక్యం దిద్ది, ఎందుకు దిద్దారో పక్కన కామెంటులో రాసినవాళ్లకు వెయ్యనివ్వండి.