పాల ధరలో ప్రొటీన్ వాటా

మన పాల సేకరణ కేంద్రాల్లో రైతుకు ముట్టే ధరను సాధారణంగా తేల్చేవి రెండే అంకెలు: వెన్న శాతం, ఎస్‌ఎన్‌ఎఫ్. వెన్న కాని ఘనపదార్థాల శాతమైన ఈ రెండో అంకెలో ప్రొటీన్, లాక్టోజ్, లవణాలు కలగలిసి ఉంటాయి. పనీర్‌గా విరిగేది, పెరుగై తోడుకునేది ప్రధానంగా ప్రొటీనే అయినా దానికి విడిగా పైసా దక్కదు. పైగా చక్కెర, ఉప్పు కలిపినా ఆ అంకె పెరిగి కనిపించవచ్చు. అందుకే ప్రొటీన్‌ను పరారుణ కాంతితో కొలిచి వెల కట్టాలి. ప్రొటీన్‌ను లెక్కగట్టే 1883 నాటి కెల్డాల్ పద్ధతి పాలను ఆమ్లంలో మరిగించి, తేలిన నైట్రోజన్‌ను 6.38తో హెచ్చిస్తుంది. ఆ నైట్రోజన్ ఎక్కడిదో దానికి పట్టదు. 2008లో చైనాలో నైట్రోజన్ దండిగా ఉండే మెలమైన్ కలిపిన పాలపొడి ఆ సందులోంచే దూరి, సుమారు 3 లక్షల మంది పసివాళ్లను జబ్బుపాలు చేసింది. పరారుణ యంత్రం చూసేది ప్రొటీన్‌లోని అమైడ్ బంధాలు 6.5 మైక్రోమీటర్ల దరిదాపుల్లో పీల్చుకునే కాంతిని. ఫలితం నిమిషంలోపే వస్తుంది.

ఈ యంత్రాన్ని సరిచూసేదీ కెల్డాల్ లెక్కతోనే కదా అనవచ్చు. నిజమే. గేదె పాలకు, ఆవు పాలకు వేర్వేరుగా సరిచూడాలి కూడా. కానీ కెల్డాల్‌కు వెళ్లేవి కల్తీ లేనివని తెలిసిన కొన్ని నమూనాలే. రోజూ వచ్చే క్యాన్లు కావు. ఇక ఖరీదు: ఊరూరా యంత్రం పెట్టే స్తోమత సంఘాలకు లేదు, అక్కర్లేదు కూడా. రైతువారీ నమూనాలు విడతలవారీగా జిల్లా ప్రయోగశాలకు చేరితే చాలు. న్యూజిలాండ్‌లో రైతుకు డబ్బు లెక్కగట్టేది వెన్న, ప్రొటీన్ కిలోల మీదే. ఊళ్లో పాలను పరీక్షించే అల్ట్రాసోనిక్ యంత్రం ఇప్పటికే ప్రొటీన్ అంకె చూపిస్తోందిగా అంటారా? అది నేరుగా కొలిచింది కాదు, మిగతా కొలతల నుంచి కట్టిన అంచనా. దాని మీద ధర నిలబెట్టలేం.