గుర్రం సున్నత్ సరే, ఆ రేకుల షెడ్డు ఎవరి సున్నత్?

వేసవి సెలవులొచ్చాయంటే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే పోస్టర్లు. తెల్ల గుర్రం, దాని మీద టోపీ పెట్టుకున్న పిల్లవాడు, పైన పచ్చ అక్షరాల్లో ‘మీ పిల్లలకు సున్నత్ నేర్పించండి’. కింద ఫీజు. సున్నత్ అనే మాట కనిపించగానే మన అమ్మీలు, అబ్బాలు ఇంకో సవాల్ వేయరు. పిల్లాణ్ణి బండెక్కించుకుని వెళ్ళి దింపి వచ్చేస్తారు. ఎక్కడ దింపుతున్నారో చూశారా భాయీ? ఊరి బయట ప్లాట్లు వేసిన నేల, నాలుగు ఇనుప గొట్టాలు, పైన రేకులు. మే నెల బెజవాడ ఎండ. ఆ రేకుల కింద ఒక బేజుబాన్ జాన్వర్, దాని మీద మీ జిగర్ కా టుక్డా.

స్వారీ నేర్పడానికి నేను ఖిలాఫ్ కాదు. ఈ రేకుల దందాకు ఖిలాఫ్.

పిల్లలకు ఈత, బాణం, స్వారీ నేర్పమన్న మాటను పోస్టర్ల మీద రసూలుల్లాహ్ (స) హదీసుగా వేస్తున్నారు. అది ఎక్కువగా హజ్రత్ ఉమర్ (రజి) మాటగా చెప్పుకునేది. అమ్ముకునే తొందరలో ఆ తహఖీక్ ఎవరికి కావాలి! అసలు సున్నత్ కావాలంటే బుఖారీలో ఇబ్నె ఉమర్ (రజి) చెప్పిన గుర్రప్పందేల రివాయత్ చదవండి. తర్ఫీదు పొంది సిద్ధమైన గుర్రాలను హఫ్యా నుంచి సనియ్యతుల్ విదా దాకా పరిగెత్తించారు. తర్ఫీదు లేనివాటిని సనియ్యా నుంచి బనూ జురైఖ్ మసీదు వరకే. ఒకదానికి ఐదారు మైళ్ళు, ఇంకొకదానికి మైలు. జంతువు తాఖత్ ఎంతో చూసి దూరం కొలిచిన ఇన్సాఫ్ అది. కడుపు వీపుకు అంటుకుపోయిన ఒంటెను చూసి, ఈ నోరులేని జీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడమని హెచ్చరించిన నబీ (స) ఉమ్మత్ మనది.

దీన్ మాట పక్కన పెట్టినా, కానూన్ ఉంది. బండి లాగే, బరువు మోసే జంతువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనల ప్రకారం ఉష్ణోగ్రత 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 దాకా వాటితో పని చేయించకూడదు. బెజవాడలో ఏప్రిల్, మే నెలల్లో 37 దాటని రోజులు ఎన్నుంటాయో మీరే లెక్కపెట్టండి. గుర్రం ప్రధానంగా చెమటతోనే చల్లబడుతుంది. కృష్ణా డెల్టా ఉక్కలో ఆ చెమట ఆరదు. పైన రేకు కాలుతుంటే, కింద గాలి ఆడకపోతే, అది నీడ అనిపించుకోదు, తందూర్.

మరి సరైన హాలు ఎలా ఉంటుంది? గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్ళు ఖతార్ అల్ షఖబ్‌లోని ఏసీ హాలు ఫోటోలు పంపి, ఇది మన వల్ల అవుతుందా అంటారు. అవసరం లేదు. మూసిన గోడలు చలిదేశాల జరూరత్. మనకు కావలసింది ఎత్తైన కప్పు, దాని కింద ఎండను ఆపే పొర, వేడిగాలి పోవడానికి కప్పు కొన మీద పొడవునా తెరిచిన సందు, పక్కలు ఖాళీ. చిన్న డ్రెస్సాజ్ మైదానం కొలత 20 మీటర్లు, 40 మీటర్లు. మన లెక్కలో ఇరవై సెంట్లు. దూకడం కూడా నేర్పాలంటే దూలం కిందికి కనీసం పదహారు అడుగుల ఎత్తు వదలాలి. చుట్టూ చెక్క పలకల గోడ కడతారు, దాన్ని పైకి పోయేకొద్దీ బయటికి వాల్చి నిలబెడతారు. గుర్రం గోడకు ఆనుకుని నడిచినా పిల్లవాడి మోకాలు నలగకుండా ఆ వాలు కాపాడుతుంది. వెలుతురు కోసం కప్పులో అక్కడక్కడా పారదర్శక రేకు వేసేవాళ్ళుంటారు. నేల మీద పడే ఆ ఎండ చారను చూసి గుర్రం బెదిరి పక్కకు గెంతుతుంది. పడేది మన బిడ్డ.

అసలు ఖర్చంతా నేలలో ఉంటుంది, పోస్టర్లో కనిపించదు కాబట్టి అక్కడే కక్కుర్తి పడతారు. మన నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. కింద కంకర పరిచి గట్టిగా దిమ్మిస చేసి, నీళ్ళు పోయే దారి చేసి, ఆ పైన రెండు మూడు అంగుళాల ఇసుక వేయాలి. ఇసుక లోతు ఎక్కువైతే గుర్రం కాలి నరాలు దెబ్బతింటాయి. ఏటి ఇసుక గుండ్రని రేణువు, కాలి కింద జారిపోతుంది. కోణాలున్న, కడిగిన ఇసుక నిలుస్తుంది. రోజూ తడపకపోతే లేచే దుమ్ము గుర్రం ఊపిరితిత్తుల్లోకీ, పిల్లల్లోకీ, పొద్దంతా అక్కడే ఉండే సాయీస్‌లోకీ పోతుంది. ఇక జాగా సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు ఎక్కడెక్కడికి వచ్చాయో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పల్లపు నేలలో గుర్రాలను కట్టేవాడికి ఆ రాత్రి గుర్తుండాలి.

ఇంత పైసా ఎక్కణ్ణుంచి వస్తుందంటారు. బెంజ్ సర్కిల్ చుట్టూ ఫంక్షన్ హాళ్ళలో మన వలీమాలు చూడండి. ఒక్క రాత్రి స్టేజీ పూలకు పోసేదెంత? ఆ దూల్హా ఎక్కి వచ్చే గుర్రం డీజే మోతలో, టపాకాయల మధ్య, నున్నటి తారు మీద నాలాలు జారుతూ నడుస్తుంది. ఇస్రాఫ్‌కు గుర్రం కావాలి, ఇల్మ్‌కు మాత్రం గుర్రం మహంగా! నాలుగు ఊళ్ళ ఖాందాన్‌లు చందా వేసుకుంటే ఒక హాలు లేస్తుంది. జకాత్ మాత్రం ముట్టుకోకండి, దాని హఖ్‌దారులు వేరు. ఇనుప దూలాలకు జర్మనీ పోనక్కర్లేదు. పక్కనే ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మన ఉస్తాదులున్నారు. ఇంజనీరు గీసిస్తే వాళ్ళు వెల్డు చేస్తారు.

గుర్రం అమీర్ల షౌక్ అనే మాటకు నాకు కోపమొస్తుంది. ఆంధ్ర పట్టణాల్లో జట్కా తోలినవాళ్ళు ఎవరు? నాలు కొట్టిన నాల్‌బంద్ ఎవరు? వాళ్ళ వారసుల హునర్ ఇవాళ బరాత్ గుర్రం కళ్ళెం పట్టుకోవడానికే పనికొస్తోంది. సరైన హాలుంటే వాళ్ళకు నెల జీతం దొరుకుతుంది. 1982 ఢిల్లీ ఏషియాడ్‌లో గులాం మొహమ్మద్ ఖాన్ రజతం తెచ్చారు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌కు ఇంతియాజ్ అనీస్ వెళ్ళారు. మళ్ళీ ఇరవై ఏళ్ళకు టోక్యోలో ఫవాద్ మీర్జా. బెంగళూరు కుర్రాడైన ఆ మీర్జా తర్ఫీదు కోసం జర్మనీ పోవాల్సి వచ్చింది.

ఇంకో మాట, ఇది బెహన్‌ల తరఫున. రోడ్డు పక్క మైదానంలో కూతుర్ని గుర్రమెక్కించడానికి మన ఇళ్ళలో ఎంతమంది ఒప్పుకుంటారు? ఈ సున్నత్ అంతా కొడుకులకే ఆగిపోయింది. హాలు పక్కలకు మన మసీదుల్లో లాంటి జాలీ బిగిస్తే గాలి వస్తుంది, చూపు ఆగుతుంది. వారంలో మూడు రోజులు ఆడపిల్లలకు, నేర్పేది ఆడ ఉస్తాద్. పర్దా పేరు చెప్పి కూతుర్ని ఆపే అబ్బాలు, ముందు ఆ జాలీకి చందా రాయండి.

ఈ వేసవికి హాలు రాదు, తెలుసు. అందాకా ఫజర్ తర్వాత ఏడున్నర లోపు, మళ్ళీ పొద్దు వాలాక మగ్రిబ్ ముందు మాత్రమే క్లాసు పెట్టమని షెడ్డువాణ్ణి అడగండి. గుర్రం ముందు నీళ్ళ తొట్టి ఉందా, పిల్లవాడి తలకు సరిపోయే హెల్మెట్ ఉందా చూడండి. లేదంటే ఫీజు వాపస్ తీసుకుని ఇంటికి రండి.